ఆ ఇద్దరూ నేనేనని రాసిచ్చాను

2025 మార్చి 3న వంద రూపాయల స్టాంపు పేపరు మీద సంతకం పెట్టి నేనొక సంగతి ప్రమాణం చేశాను. వెంకట సత్యవతి, సత్యలక్ష్మి అనే ఇద్దరూ వేరు వేరు మనుషులు కారు, ఒక్కరే, ఆ ఒక్కరూ నేనే అని. నోటరీ గారు ముద్ర వేసి కాగితం చేతిలో పెడుతూ, "ఇంక మీరు ఒక్కరే అయిపోయారండి" అని నవ్వారు. నాకు నవ్వు రాలేదు. అప్పటికే నెలన్నరగా తిరుగుతున్నాను మరి.

అమ్మ పేరున ఉన్న అరవై సెంట్ల కొబ్బరితోటలో నా సగం నా పేరుకి మారడానికి, అమ్మ పోయిన రోజు నుంచి లెక్కేస్తే, ఎనిమిది నెలల పైనే పట్టింది. నాలాగా పెళ్ళయి గోదావరి అవతలికి వెళ్ళిపోయి, ఇంటిపేరు మారి, పేరు కూడా మారి, పుట్టింటి ఊళ్ళో పని పడినవాళ్ళు చాలామందే ఉంటారు. వాళ్ళకి ఉపయోగపడుతుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

అమ్మ 2024 నవంబర్ 19న పోయింది. మంగళవారం, కార్తీక బహుళ చవితి. వయసెంత అంటే ఎనభై నాలుగో, ఎనభై అయిదో. అమ్మకి సంవత్సరాల అంకెలు పట్టేవి కావు. ఆవిడ కాలమంతా నీళ్ళతో, గాలితో కొలిచింది. నేను పుష్కరాల ఏడు పుట్టాను, అంటే 1967. తమ్ముడు ఆ తర్వాత మూడేళ్ళకి. మా పెద్దాడు నా కడుపులో ఉండగా పెద్ద వరద, అంటే 1986 ఆగస్టు. నాన్న పోయింది పెద్ద తుఫానుకి ముందటేడు. ఆ తుఫాను 1996 నవంబర్ 6. ఇలా అడిగితే అమ్మ దగ్గర ఒక్క తేదీ తప్పు వచ్చేది కాదు. తప్పులన్నీ కాగితాల్లోనే ఉన్నాయని నాకు తర్వాత తెలిసింది.

తోట అమ్మకి పెళ్ళిలో పసుపు కుంకుమ కింద వాళ్ళ నాన్న రాసిచ్చినది. ఆ దస్తావేజులో అమ్మ పేరు పక్కన "ఫలానా వారి భార్య" అని ఉంటుంది. ఇచ్చినది తండ్రి, పుచ్చుకున్నది కూతురు, గుర్తు మాత్రం పెళ్ళయి నాలుగు రోజులు కాని మొగుడిది.

ఎవరైనా పోతే ఇరవై ఒక్క రోజుల్లోపు మరణం నమోదు చేయించాలి. అప్పుడైతే రుసుము ఉండదు. ఈ పని తమ్ముడు చూసుకున్నాడు, డిసెంబర్ 9కి సర్టిఫికెట్ చేతికొచ్చింది. అది తీసుకునేటప్పుడే అక్కడే నిలబడి అక్షరం అక్షరం చూసుకోండి. అమ్మ పేరులో ఒక వత్తు పోయింది. తమ్ముడు గమనించి అప్పటికప్పుడు సరిచేయించాడు కాబట్టి సరిపోయింది, లేకపోతే అమ్మకీ నాకూ కలిపి రెండు అఫిడవిట్లు అయ్యేవి.

పెద్దకార్యం అయిన రాత్రి అరుగు మీద కూర్చున్నప్పుడు తమ్ముడే ఎత్తాడు.

"అక్కా, తోట సంగతి ఒకటుంది. నువ్వు ఓ సంతకం పెట్టేస్తే నా పేరున మార్పించుకుంటాను. నీకు పెళ్ళిలో ఇవ్వాల్సింది ఇచ్చాం కదా."

వాడు దురాశపరుడు కాదు. అది అడగాల్సిన మాట అనే అనుకున్నాడు, అంతే. మా పెదనాన్న వరస ఆయన పక్కనుంచి, "దానికి ఎలాగూ రాదురా, ఎన్టీఆర్ చట్టం సెప్టెంబర్‌లో వచ్చింది, దాని పెళ్ళి మేలో అయిపోయింది" అన్నారు. ఈ మాట నేను నలభై ఏళ్ళుగా వింటున్నాను. నా పెళ్ళి 1985 మే. రాష్ట్రంలో ఆడపిల్లకి ఆస్తి హక్కు ఇచ్చిన సవరణ 1985 సెప్టెంబర్ 5 నుంచి వర్తించింది, అప్పటికే పెళ్ళయినవాళ్ళకి లేదు. నాలుగు నెలలు. నా ముహూర్తం పెట్టిన సిద్ధాంతి గారికి రాహుకాలం తెలుసు గానీ శాసనసభ సంగతి తెలీదు పాపం.

ఆ రాత్రి నేను సరే అనలేదు, కాదనీ అనలేదు. "సంక్రాంతి వెళ్ళనీరా" అన్నాను. పాలకొల్లు తిరిగొచ్చే బస్సు చించినాడ వంతెన ఎక్కినప్పుడు కిందకి చూస్తూ ఏడ్చాను. అమ్మ కోసమో, తోట కోసమో, నాకే తెలీలేదు. ఒకప్పుడు ఇక్కడ పంటు మీద దాటేవాళ్ళం. పెళ్ళయిన మర్నాడు నన్ను దాటించింది ఆ పంటు మీదే.

ఇక్కడ నా పేర్ల కథ చెప్పాలి. బడిలో నేను వెంకట సత్యవతిని, నాన్న ఇంటిపేరు. అత్తారింట్లో మా అత్తగారి పేరు కూడా సత్యవతే. కోడల్ని ఆ పేరుతో పిలిస్తే అత్తగారిని పేరు పెట్టి పిలిచినట్టవుతుందని, గృహప్రవేశం రోజే నన్ను లక్ష్మి చేశారు. నన్ను అడగలేదు. అడగాలని ఎవరికీ తోచలేదు, నాకూ తోచలేదు. తర్వాత రేషన్ కార్డులో రెండూ కలిసి సత్యలక్ష్మి అయింది, దాని ముందు మా ఆయన ఇంటిపేరు. 2011లో ఆధార్ వాళ్ళు వచ్చినప్పుడు వివరాలన్నీ మా ఆయనే చెప్పారు. పుట్టిన తేదీ అడిగితే "నలభై మూడు వేసుకోండి" అన్నారు. వాళ్ళు 01-01-1968 వేసుకున్నారు.

పదో తరగతి సర్టిఫికెట్‌లో 01-07-1966. అమ్మ లెక్కలో 1967. అంటే పెళ్ళినాటికి బడి ప్రకారం నాకు దాదాపు పంతొమ్మిది. అమ్మ ప్రకారం పదిహేడు. ఆధార్ ప్రకారం కూడా పదిహేడే, అంటే సర్కారు వారి కార్డు ప్రకారం నాది బాల్యవివాహం. మా అబ్బాయికి ఈ మాట ఫోన్లో చెబితే పది నిమిషాలు నవ్వాడు. తర్వాత ఎందుకో ఇద్దరం ఊరుకున్నాం.

సంక్రాంతి వెళ్ళాక జనవరి 20, సోమవారం, పుట్టింటి ఊరి సచివాలయంలో కుటుంబ సభ్యుల ధ్రువపత్రానికి దరఖాస్తు పెట్టాం. ఈ పత్రం లేకుండా మిగతా ఏ పనీ కదలదు. మరణ ధ్రువపత్రం, రేషన్ కార్డు, అందరి ఆధార్లు. కంప్యూటర్ దగ్గర ఉన్నమ్మాయి నా ఆధార్ చూసి, తమ్ముడిది చూసి, "ఈ ఆంటీ ఎవరండీ?" అంది.

"మా అక్క."

"ఇంటిపేరు వేరు, పేరు వేరు, ఊరు వేరు, జిల్లా వేరు. సిస్టమ్‌కి ఎలా తెలుస్తుందండీ?"

ఆ అమ్మాయి తప్పేం లేదు. ఒకప్పుడు కార్డు మీద ఫలానా వారి భార్య అనో, కూతురు అనో ఉండేది. ఇప్పుడు కొత్త ఆధార్‌లో "కేరాఫ్" అని మాత్రమే ఉంటోంది. నేను మా ఆయన కేరాఫ్. ఆయన పోయి ఆరేళ్ళయింది.

ఒక పక్క సంగతి. మా పుట్టింటి ఊరు 2022 ఏప్రిల్ 4న తూర్పు గోదావరి జిల్లా నుంచి కోనసీమ జిల్లాలోకి మారింది. పాత దస్తావేజులో ఒక జిల్లా, కొత్త కాగితాల్లో ఒక జిల్లా. ఆ ఊరూ ఈ ఊరూ ఒక్కటే అని ఎవరూ అఫిడవిట్ అడగలేదు. గోదావరి కూడా ధవళేశ్వరం దాటగానే గౌతమి అవుతుంది, వసిష్ఠ అవుతుంది, మా ఊరి పక్కకొచ్చేసరికి వైనతేయ అవుతుంది. దాన్నీ ఎవరూ అడగరు.

ఫిబ్రవరి 6న వీఆర్వో గారు ఎంక్వయిరీకి వచ్చారు. చిన్నమ్మాయే, పాతికేళ్ళుంటాయేమో, మర్యాదగానే మాట్లాడింది. చుట్టుపక్కల వాళ్ళ చేత పంచనామా రాయించింది. మా పక్కింటి మామ్మ వేలిముద్ర వేస్తూ, "ఇది పుట్టినప్పుడు బొడ్డు కోసింది మా అత్తేనమ్మా, గదిలో దీపం పట్టుకుని నిలబడింది నేను" అంది. వీఆర్వో నవ్వి, "నిజమే మామ్మగారూ, కానీ అది రాయడానికి కాలమ్ లేదు" అంది. ఇద్దరూ నిజమే చెప్పారు. చివరికి తేలింది ఏమిటంటే, నేను చదివిన బడి నుంచి రికార్డు తేవాలి, రెండు పేర్లూ ఒకరివే అని అఫిడవిట్ ఇవ్వాలి.

ఫిబ్రవరి 12న హైస్కూలుకి వెళ్ళాను. 1982లో పది పాసయ్యాక మళ్ళీ ఆ గేటు లోపలికి వెళ్ళింది అదే. హెడ్మాస్టరు గారు మంచాయన, అయితే పాత రిజిస్టర్లున్న బీరువా తాళం క్లర్కు దగ్గర ఉంది, క్లర్కు సెలవులో ఉన్నాడు. నాలుగు సార్లు తిరిగాక 24న ఆ పుస్తకం బయటికొచ్చింది. అట్ట చెద తినేసింది. పేజీలు తిప్పుతుంటే అగరొత్తుల వాసనలాంటిదేదో వచ్చింది. నీలం సిరా, అప్పటి మాస్టారి గుండ్రటి రాత. నా పేరు కనపడింది. దాని పైన ఇద్దరు ఆడపిల్లలు, కింద అయిదుగురు. అందరి పుట్టిన తేదీ జులై 1. మా క్లాసులో సగం మందిమి ఒకే రోజు పుట్టాం. వయసు చాలకపోయినా బళ్ళో వేసుకోవడానికి మాస్టారు ఏడాది కలిపి రాసేసేవారు, అది అప్పటి ఉపకారం.

వేలు పెట్టి అడ్డంగా చదువుకుంటూ పోయాను. పేరు, తేదీ, కులం, తండ్రి లేక సంరక్షకుని పేరు, తండ్రి వృత్తి, ఊరు. అయిపోయింది. తల్లి పేరుకి గడి లేదు. పేజీ తిప్పి చూశాను, వెనకా లేదు.

నేను అడుగుతున్నది అమ్మ ఆస్తి. నిరూపించాల్సింది అమ్మ కూతుర్నని. అమ్మ పేరూ నా పేరూ కలిసున్న కాగితం ఈ లోకంలో ఒక్కటీ లేదు. కాబట్టి దారి ఇలా తిరిగింది: బడి పుస్తకం ప్రకారం నేను నాన్న కూతుర్ని. అమ్మ పెన్షన్ పుస్తకం ప్రకారం అమ్మ నాన్న భార్య. కనుక నేను అమ్మ కూతుర్ని. ముప్ఫై ఏళ్ళ కిందట పోయిన మనిషి మధ్యలో నిలబడి సాక్ష్యం చెబితే తప్ప నన్ను కన్నది అమ్మే అని రుజువు కాలేదు.

మార్చి 3న అఫిడవిట్. స్టాంపు పేపరు వంద, టైపింగుకి నూట యాభై, నోటరీకి మూడు వందలు. నాలుగు లైన్లు ఉంటుందనుకున్నాను, రెండు పేజీలు వచ్చింది. చివర్లో నోటరీ గారు, "రెండు సంతకాలూ పెట్టండమ్మా. ఇప్పటిదీ, సర్టిఫికెట్ మీదున్న పాతదీ" అన్నారు.

ఇది నేను ఊహించలేదు. ఇప్పటి సంతకం పొట్టిగా ఉంటుంది, బ్యాంకులో పెట్టి పెట్టి అరిగిపోయింది. పాతది వెంకట సత్యవతి అని పూర్తిగా, చివర తి మీద గుడి పెద్దగా గాలిపటం తోకలా లాగి పెట్టేదాన్ని. తెల్లకాగితం తీసుకుని ప్రాక్టీసు చేశాను. ఒకటి, రెండు, పది. చెయ్యి రాదే. అక్షరాలు వస్తున్నాయి గానీ ఆ పిల్ల రావడంలేదు. మా పెద్దాడి చిన్నప్పుడు వాడి హోంవర్కు వాడి రాతలో రాసినట్టుంది నాకు, దొంగతనంగా. చివరికి ఎలాగో పెట్టాను. ఎవరైనా జాగ్రత్తగా చూస్తే ఆ రెండో సంతకం ఫోర్జరీ అనే అంటారు. నా సంతకం నేనే ఫోర్జరీ చేసి, ఇద్దరం ఒక్కరమే అని ప్రమాణం చేశాను.

తమ్ముడు పక్కనే ఉన్నాడు. వాడికి పేరు ఒకటే, ఇంటిపేరు ఒకటే, ఊరు ఒకటే. సంతకం కూడా తొమ్మిదో తరగతిలో నేర్చుకున్నదే. వాడు నేనూ ఒకే గదిలో పుట్టాం. వాడు వాడే అని ఎవరూ అడగలేదు. "ఏంటక్కా ఇంతసేపు?" అన్నాడు. వాడితో ఏం చెప్పను?

మండలాఫీసులో కూర్చునే రోజుల కోసం లైబ్రరీ నుంచి ఒక పుస్తకం తెచ్చి సంచీలో పెట్టుకున్నాను. ఇరవై రెండేళ్ళు ప్రైవేటు బళ్ళో సోషల్ చెప్పినదాన్ని, చదివే అలవాటు పోలేదు. అందులో మిళిందుడనే యవన, అంటే గ్రీకు, రాజూ నాగసేనుడనే బౌద్ధ భిక్షువూ మాట్లాడుకుంటారు. రథం గురించి వాళ్ళ మాటలు పిల్లలకి నేనే చెప్పాను: ఇరుసు రథమా, చక్రం రథమా, ఏదీ కాకపోతే రథం ఏది అని. కానీ దాని తర్వాత వచ్చే ముక్క ఎప్పుడూ మనసుకి ఎక్కలేదు. నాగసేనుడు రాజుని అడుగుతాడు: ఒకప్పుడు పక్కమీద వెల్లకిలా పడుకున్న పసిబిడ్డా, ఇప్పటి నువ్వూ ఒకరేనా? కాదు, ఆ బిడ్డ వేరు, నేను వేరు అంటాడు రాజు. అలాగైతే నీకు తల్లి లేదు, తండ్రి లేడు, గురువూ లేడన్నమాట అంటాడు నాగసేనుడు.

పుస్తకం మూసి ఎదురుగా కౌంటరు వైపు చూశాను. అచ్చం అదే. ఆ పసిబిడ్డ నువ్వే అయితేనే నీకు తల్లి, తల్లి ఉంటేనే తోట. రెండు వేల ఏళ్ళ కిందటి ప్రశ్న వీఆర్వో ఎంక్వయిరీ ఫారంలోకి ఎలా వచ్చిందో.

అయితే నాగసేనుడి జవాబు అఫిడవిట్ భాష కాదు. రాత్రి మొదటి జాములో వెలిగిన దీపం, ఆఖరి జాములో వెలిగే దీపం ఒకటేనా అంటే, అదే కాదు, అలాగని వేరూ కాదు అంటాడు. నాకు సరిపోయే జవాబు అదే. పంటు ఎక్కిన పిల్లా నేనూ ఒకటి కాము, దాని సంతకం నాకు రాదు. అలాగని అది వేరే మనిషీ కాదు. పంటు ఊగినప్పుడు అది రేకుపెట్టె గట్టిగా పట్టుకున్న సంగతి నా వేళ్ళకి ఇంకా గుర్తే. స్టాంపు పేపరు మీద ఇలా రాస్తే తిప్పి పంపేస్తారు. "ఒక్కరే" అని రాయాలి.

ఆదుర్రు బౌద్ధ స్తూపం మా ఊరికి దగ్గరే. చిన్నప్పుడు మాకది దిబ్బ, అక్కడ మేకలు మేసేవి. దాని మీద ఎక్కి ఆడుకుంటున్నప్పుడు ఇలాంటి మాటలు మాట్లాడుకున్న వాళ్ళు మా ఊరి గట్ల మీద నడిచి ఉంటారని ఎవరూ చెప్పలేదు.

సరే, ఆధార్ సంగతి. అఫిడవిట్ ఇచ్చినా పుట్టిన తేదీలు మరీ ఏడాదిన్నర తేడా ఉంటే రేపు రిజిస్ట్రేషన్‌లో ఇబ్బంది అవుతుందన్నారు. మార్చి 10న ఆధార్ సెంటర్‌కి వెళ్ళాను. అక్కడ తెలిసింది: పుట్టిన తేదీ జీవితంలో ఒక్కసారే మార్చనిస్తారు, పేరు రెండుసార్లు. పేరు జోలికి వెళ్ళొద్దని ఆపరేటరే సలహా ఇచ్చాడు. మారిస్తే బ్యాంకు, రేషన్, గ్యాసు, పెన్షన్ అన్నీ మళ్ళీ మొదటికొస్తాయి. మంచి సలహా. తేదీ ఒక్కటి పది సర్టిఫికెట్ ప్రకారం మార్పించాను. యాభై రూపాయలకి ఏడాదిన్నర వయసు పెరిగింది. అమ్మ చెప్పిన పుష్కరాల ఏడు మాత్రం ఎందులోనూ లేదు. దానికి ప్రూఫ్ లేదు.

ఇంకో అవాంతరం ఫోన్ నంబరు. నా ఆధార్‌కి ఉన్నది మా ఆయన నంబరు. ఆయన పోయాక రీఛార్జి చేయించక అది ఆగిపోయింది. ఓటీపీ దానికే వెళుతుంది. వరసలో నిలబడి ఊరికే ఆ నంబరుకి డయల్ చేశాను. ఆరేళ్ళ తర్వాత. రింగయింది. ఎవరో కుర్రాడు "హలో, కౌన్?" అన్నాడు. పెట్టేశాను. ఆపరేటర్ "ఏమైందండీ?" అంటే "రాంగ్ నంబర్" అన్నాను. మీ ఆధార్‌కి ఏ నంబరు ఉందో ఇవాళే చూసుకోండి. చాలామంది ఆడవాళ్ళకి మొగుడిదో కొడుకుదో ఉంటుంది. నంబరు, తేదీ ఒకేసారి చెప్పేస్తే ఒకే రుసుముతో అయిపోతుంది. నాకు పదకొండు రోజులకి అప్‌డేట్ అయినట్టు మెసేజ్ వచ్చింది, ఈసారి నా ఫోన్‌కే.

తర్వాత ఎదురుచూపులు. రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ గారికి వేరే డ్యూటీ, తహసీల్దార్ గారు మీటింగు, ఉగాది, సర్వర్ డౌన్. ఏప్రిల్ 21న ధ్రువపత్రం వచ్చింది. దరఖాస్తు పెట్టిన తొంభై ఒకటో రోజు. అందులో రెండు పేర్లు: కొడుకు, కూతురు. నా పేరు పక్కన బ్రాకెట్లో పాత పేరు కూడా వేశారు. నేను దాన్ని ఫోటో తీసి మా అబ్బాయికి పంపాను. వాడు "కంగ్రాట్స్ అమ్మా, పుట్టావు" అని పెట్టాడు.

దస్తావేజు లేఖరి గారి దగ్గరకి తమ్ముడూ నేనూ కలిసే వెళ్ళాం. వాడి సంచీలో అప్పటికే హక్కు విడుదల కాగితం రాయించి ఉందని నాకు తెలుసు. లేఖరి గారు డెబ్భై దాటినాయన, కళ్ళజోడు ముక్కు చివరికి జార్చి అంతా విన్నారు. తర్వాత చాలా మామూలుగా చెప్పారు. ఎన్టీఆర్ చట్టం మాట ఇక్కడ రాదు, అది ఉమ్మడి కుటుంబం పిత్రార్జితానికి. ఆ పెళ్ళి తేదీ పట్టింపు కూడా 2005 సవరణతో పోయింది, 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఇంకా స్పష్టం చేసింది. ఇది మీ అమ్మగారి సొంత ఆస్తి, వీలునామా లేదు. 1956 హిందూ వారసత్వ చట్టం పదిహేనో సెక్షన్ ప్రకారం కొడుక్కీ కూతురికీ సమానం. పెళ్ళి ఎప్పుడయిందని ఆ సెక్షన్ అడగదు.

నలభై ఏళ్ళుగా ఆ నాలుగు నెలల కథ మోశాను. అది నాకు సంబంధించిన కథే కాదు.

ఆయనే ఇంకో ముక్క కూడా చెప్పారు. పిల్లలు లేని ఆడమనిషి వీలునామా రాయకుండా పోతే, భర్త కూడా లేకపోతే, ఆవిడ స్వయంగా సంపాదించినది ముందు భర్త వారసులకి వెళుతుంది. కన్న తల్లిదండ్రుల వంతు ఆ తర్వాతే. నాతో పనిచేసిన ఒక టీచరమ్మ గుర్తొచ్చింది. భర్త పోయాడు, పిల్లల్లేరు, జీతంతో స్థలం కొనుక్కుని అమ్మని దగ్గర పెట్టుకుంది. ఇంటికి రాగానే ఫోన్ చేసి వీలునామా రాసుకోమన్నాను.

బయటికొచ్చాక తమ్ముడు చెరకురసం తాగుతూ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అక్కా, అమ్మని తొమ్మిదేళ్ళు చూసుకుంది నా పెళ్ళాం. దాని సంగతేంటి?" అన్నాడు. అది న్యాయమైన ప్రశ్న. చట్టంలో నాకు సగం ఉంది, మరదలికి ఏమీ లేదు. అమ్మకి పక్క తీసినది, మందులిచ్చినది, రాత్రుళ్ళు లేచినది తను. ఆ చాకిరీకి ఏ సెక్షనూ లేదు. నేను ఆ రోజు ఇంటికి వెళ్ళి అమ్మ గాజుల్లో నాకిచ్చిన జత మరదలి చేతిలో పెట్టాను. "వద్దు వదినా" అంది, తీసుకుంది. నేను పెద్ద త్యాగం చేశానని రాయడంలేదు. తోట మాత్రం వదలలేదు మరి. తమ్ముడు సంచీలో కాగితం ఇంక బయటికి తియ్యలేదు.

భాగపంపిణీ రాసుకున్నాం, పాతవాళ్ళు పారీఖత్తు అంటారే అది. జూన్ 19, గురువారం రిజిస్ట్రేషన్. వేలిముద్ర మెషిన్ మీద తమ్ముడి వేలు మొదటిసారికే పడింది. నాది కుడి బొటనవేలు పడలేదు, ఎడమది పడలేదు. "కొంగుతో తుడుచుకోండమ్మా" అన్నాడా అబ్బాయి. తుడుచుకున్నాను. చూపుడువేలు, మధ్యవేలు. ఇరవై రెండేళ్ళ సుద్దముక్క, నలభై ఏళ్ళ అంట్లు, గీతలు ఏం మిగులుతాయి? చివరికి కంటిపాప స్కాన్ చేసేది తెచ్చారు. రెండు సెకన్లలో ఒప్పుకుంది. వేళ్ళు అరిగినవాళ్ళు ముందే అడగండి, చాలాచోట్ల ఆ పరికరం ఉంటుంది, అడిగేదాకా తియ్యరు.

జులై 29న రికార్డులో పేరు మారింది. పాస్ పుస్తకం ఇంకా రాలేదు.

ఖర్చు అడుగుతారు కాబట్టి: చలానా, రాతకూలీ కలిపి నా వంతు పదకొండు వేల నాలుగు వందలు. అఫిడవిట్ అయిదు వందల యాభై. జిరాక్సులకే ఆరు వందల నలభై. పాలకొల్లు నుంచి రాజోలు మీదుగా ఊరికి పదిహేడు సార్లు, బస్సులూ ఆటోలూ కలిపి రెండు వేల నాలుగు వందలు. ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకి ఆర్టీసీ బస్సు ఉచితం చేశారు. నా పదిహేడు ట్రిప్పులూ అప్పటికే అయిపోయాయి.

పద్ధెనిమిదోసారి ఉచితంగానే వెళ్ళాను, కొబ్బరికాయల దింపు తీయించడానికి. కండక్టరు ఆధార్ చూసి సున్నా టిక్కెట్ ఇచ్చాడు, పేరు సరిగ్గా చదివినట్టు కూడా లేదు.

తోటలో ముప్ఫై తొమ్మిది చెట్లు. తుఫానుకి ముందువి నాలుగే, మిగతావన్నీ అమ్మ తర్వాత పాతించినవి. దింపు తీసే అతను ఒక చెట్టు మొదట్లో చెయ్యి పెట్టి చూపించాడు. కమ్మ రాలిపోయిన చోటల్లా మానుకి చుట్టూ ఒక చార మిగులుతుంది. ఏడాదికి పన్నెండు దాకా కమ్మలు వస్తాయి, ఆ లెక్కన చారలు లెక్కపెడితే చెట్టు వయసు తెలుస్తుందండి అన్నాడు. నేను నా ఎత్తు వరకూ లెక్కపెట్టి, మెడ నొప్పెట్టి వదిలేశాను. ఎండిన గంధంలా గరుకుగా ఉంది మాను. అమ్మ చెప్పిన ఏడాదికి సరిపోయేట్టే ఉంది.

ముప్ఫై తొమ్మిదిని రెండు చేస్తే ఒకటి మిగులుతుంది. సర్వేయరు తాడు లాగినప్పుడు గట్టు సరిగ్గా ఆ చెట్టు మీదుగానే వెళ్ళింది. దస్తావేజులో ఆ చెట్టు ఉమ్మడి అని రాసుకున్నాం. ఆ ఏడు కాయ ధర బాగుంది, అంబాజీపేట నుంచి వ్యాపారి తోటలోకే వచ్చాడు. తమ్ముడి కాయలు ఒక కుప్ప, నావి ఒక కుప్ప. ఆఖర్న దింపు తీసే అతను గట్టు మీది చెట్టెక్కి గెల కోసి దించాడు. పద్ధెనిమిది కాయలున్నాయి. చెట్టు మీద నుంచే అరిచాడు.

"ఇయ్యెవరి కుప్పలో వెయ్యమంటారండీ?"

తమ్ముడు నా వైపు చూశాడు. నేను వాడి వైపు చూశాను.

"అక్కడే ఉండనీవయ్యా" అన్నాడు వాడు.